రాజా దీన్‌దయాళ్ ఫ్రేములో మనం ఎక్కడున్నాం?

హైదరాబాద్ పాత ఫోటోలు అనగానే ముందుగా వినిపించే పేరు రాజా దీన్‌దయాళ్. ఫలక్‌నుమా మెట్లు, బషీర్‌బాగ్ ప్యాలెస్, ఆరవ నిజాం దర్బారు, వేట శిబిరాలు, ఫౌజుల కవాతులు – నూటపాతికేళ్ల కిందటి నగరం ఇవాళ మన కళ్లకు కనిపిస్తున్నదంటే అందులో పెద్ద వాటా ఆయన కెమెరాదే. ఖైరతాబాద్, నాంపల్లి, ఆబిడ్స్ మధ్య బషీర్‌బాగ్ అనే పేరు మిగిలింది గానీ ఆ ప్యాలెస్ మిగల్లేదు. దాని రూపం చూడాలంటే దీన్‌దయాళ్ ఫోటోల దగ్గరికే పోవాలి.

ఆయన మన వాడల నుంచి వచ్చిన మనిషి కాదు. మన పోరాటాలతో ఆయనకు సంబంధం లేదు. రాజుల దగ్గర, వైస్రాయిల దగ్గర పని చేసి పేరు తెచ్చుకున్నవాడు. అయినా కెమెరా పట్టాలనుకునే దళిత బహుజన విద్యార్థులు ఆయన జీవితాన్ని తెలుసుకోవాలి. దానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఫోటోగ్రఫీ బడులు లేని కాలంలో ఒక భారతీయ ఉద్యోగి తెల్లవాళ్ల పనిముట్టును వాళ్లకు తీసిపోకుండా ఎట్లా వశం చేసుకున్నాడన్నది. రెండోది మనకు ఇంకా ముఖ్యం. ఫోటోలో ఎవరిని మధ్యలో పెట్టాలి, ఎవరిని అంచుకు నెట్టాలి, ఎవరిని అసలు రానివ్వకూడదు అనే విద్య అధికారంతో ఎట్లా ముడిపడి ఉంటుందో ఆయన ఫోటోలు అరటిపండు ఒలిచినట్టు చూపిస్తాయి.

నక్షాలు గీసిన చెయ్యి

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. నగల పని చేసే కుటుంబం అది. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివారు. 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. అంటే కట్టబోయే భవనానికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేయడం, దాని నక్షా గీయడం ఆయన పని. కెమెరా చేతికి వచ్చింది తర్వాతే. 1870ల మధ్య నాటికి ఆయన ఫోటోలు తీస్తున్నారు.

ఈ వరస గుర్తుపెట్టుకోవాలి. ఆయన ముందు గీతను నేర్చుకున్నారు, తర్వాత వెలుగును నేర్చుకున్నారు. నక్షా గీసేవాడికి ఒక కాగితం మీద ఎంత జాగా ఉందో తెలుసు. గోడ నిటారుగా ఉందా, ఒరిగిందా అన్నది చూడగానే పసిగడతాడు. దగ్గరి స్తంభం పెద్దగా, దూరపు స్తంభం చిన్నగా ఎందుకు కనిపిస్తాయో లెక్కగా తెలుసు. ఆయన తీసిన కోటలు, ప్యాలెసుల ఫోటోల్లో గోడలు తాపీమేస్త్రి గుండు వేసి చూసినట్టు నిలువుగా ఉండడానికి ఆ చదువే ఆధారం. కంపోజిషన్ అనే పెద్ద మాటకు అసలు అర్థం ఇంతే: ఉన్న జాగాలో ఏది ఉంచాలి, ఏది వదలాలి, ఏది ముందు, ఏది వెనక, కెమెరా ఎంత ఎత్తున, ఎంత దూరాన.

అప్పట్లో దీన్ని నేర్చుకోవడానికి ఉన్న దారి ఒకటే. ఇతరులు తీసిన బొమ్మలు చూడాలి, తన బొమ్మ తీయాలి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఆ రోజుల్లో మన దేశపు కట్టడాలను, కొండలను ఫోటోలు తీసి పేరుపొందినవాళ్లు ఎక్కువగా ఇంగ్లీషు దొరలు, సైనికాధికారులు. 1863 నుంచి 1870 దాకా ఇక్కడ తిరిగిన శామ్యూల్ బోర్న్ ఫోటోలు, ఆయన భాగస్వామిగా ఉన్న బోర్న్ అండ్ షెపర్డ్ కంపెనీ ప్రింట్లు మార్కెట్లో కొలమానంగా ఉండేవి. భారతీయుడు కెమెరా పడితే ఆ కొలమానంతోనే తూచేవారు. దీన్‌దయాళ్ అందులో నెగ్గారు.

తలకిందులుగా కనిపించే దర్బారు

ఆనాటి కెమెరా ఇవాళ్టి సెల్‌ఫోను కాదు. పెద్ద కర్రపెట్టె, మూడు కాళ్ల స్టాండు, నల్లగుడ్డ, గాజు పలకలు. తడి పలక పద్ధతిలో అయితే అక్కడికక్కడే గాజుకు రసాయనం పూసి, ఆరేలోగా ఫోటో తీసి, ఆరేలోగా కడగాలి. అందుకోసం ఎక్కడికి పోయినా చీకటి గుడారం వెంట ఉండాలి. 1880ల్లో డ్రై ప్లేట్లు వాడకంలోకి వచ్చాక ఆ బాధ తప్పింది గానీ గాజు బరువు తప్పలేదు. పలక పాడైతే డబ్బూ పోయినట్టే, సందర్భమూ పోయినట్టే. అందుకే తీసే ముందు చాలాసేపు చూడాల్సి వచ్చేది.

చూసే తీరు కూడా వేరు. ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనకున్న మసక అద్దంలోకి చూస్తాడు. ఆ అద్దం మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. నవాబైనా, నౌకరైనా, గొడుగు పట్టినవాడైనా, గొడుగు కింద ఉన్నవాడైనా అందరూ తలకిందులే. ఆ కాసేపు హోదాలు పక్కకు పోయి ఆకారాలు మిగులుతాయి. ఇక్కడ నలుపు ఎక్కువైంది, అక్కడ ఖాళీ మిగిలింది, ఆ మూల బరువు తగ్గింది – ఇవే కనిపిస్తాయి. ఇవాళ ఫోటోగ్రఫీ నేర్చుకునే వాళ్లు ఏ మంచి ఫోటోనైనా తలకిందులు చేసి చూస్తే ఈ సంగతి తేలిగ్గా తెలుస్తుంది. ముఖాల మీద, నగల మీద ఉన్న మన దృష్టి తప్పుకుని ఫోటో ఎముకల గూడు బయటపడుతుంది.

కానీ అద్దంలో పోయిన హోదా ప్రింటులో తిరిగి వచ్చేది. ఎందుకంటే పలక పెట్టకముందే ఎవరెక్కడ కూర్చోవాలో తేలిపోయి ఉండేది.

కొలబద్దగా నిలబడ్డ మనిషి

ఇండోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, గవర్నర్ జనరల్ ఏజెంటు సర్ హెన్రీ డేలీ దీన్‌దయాళ్‌ను ప్రోత్సహించారు. 1875–76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనను చిత్రీకరించే అవకాశం వచ్చింది. 1880ల మొదట్లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్ తిరిగి కోటలు, గుళ్లు ఫోటోలు తీశారు. ఆ ఫోటోలతో 1886లో మధ్యభారత ప్రసిద్ధ కట్టడాల సంపుటం వెలువడింది.

ఆ కాలపు కట్టడాల ఫోటోల్లో ఒక అలవాటు కనిపిస్తుంది. పెద్ద స్తంభం పక్కనో ద్వారం ముందో ఒక మనిషిని నిలబెడతారు. ఆ మనిషి ఎవరో ఫోటో కింద రాయరు. ఆయన పని ఒకటే, కట్టడం ఎంత ఎత్తుందో తెలియజేయడం. అడుగులు, అంగుళాలు గీసిన కర్ర బదులు ఒక మనిషి. రాజు పేరు, గుడి పేరు, సంవత్సరం అన్నీ ఉంటాయి. ఆ మనిషి పేరు ఉండదు.

కూర్పు పరంగా అది తప్పులేని పని. మనిషి లేకపోతే స్తంభం ఎత్తు అందదు. కానీ మన కళ్లతో చూసినప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. ఊరి రాళ్లు మోసి, సున్నం నూరి, గోడలు లేపిన కులాల మనిషి చివరికి ఆ గోడ పక్కన కొలబద్దగా మాత్రమే మిగలడమేమిటి? ఫోటో చదవడం నేర్చుకోవడమంటే ఈ రెండు చూపులనూ ఒకేసారి నిలుపుకోవడం. కూర్పులోని నేర్పును ఒప్పుకోవాలి. ఆ నేర్పు ఎవరి పేరు చెరిపేసిందో కూడా అడగాలి.

హైదరాబాద్ రోజులు

1880ల మధ్యలో దీన్‌దయాళ్ హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అనే బిరుదు, రాజా అనే గౌరవం ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. విక్టోరియా రాణి ఫోటోగ్రాఫర్ అనే గుర్తింపూ దక్కింది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు ఆయన ఫోటోలు వెళ్లాయి. 1896లో బొంబాయిలో మరో స్టూడియో తెరిచారు. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ పనిలో కలిశారు.

1892లో ఆయన హైదరాబాద్‌లో జనానా స్టూడియో ప్రారంభించారు. పరదా పాటించే ఇళ్ల స్త్రీల కోసం ప్రత్యేకంగా పెట్టిన స్టూడియో అది. దాన్ని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ నడిపారు. కెమెరా వెనక ఎవరున్నారన్న దాన్ని బట్టి కెమెరా ముందుకు ఎవరు రాగలరో మారుతుందని ఆయన వ్యాపారిగా గ్రహించారు. ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ గోడల చాటు డబ్బున్న ఇళ్ల స్త్రీలకే దొరికింది. పొలంలో, బండల మీద, బజారులో పని చేసే మాల, మాదిగ ఆడవాళ్లకు పరదా లేదు, ఇష్టం లేకపోతే కెమెరాకు అడ్డం చెప్పే బలం కూడా లేదు. అదే కాలంలో వలస ప్రభుత్వం జనాన్ని కులాలవారీగా, తెగలవారీగా ఫోటోలు తీయించి పుస్తకాలు వేసింది. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా వచ్చిన ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’ అట్లాంటిదే. అందులో మనిషి ఒక నమూనా. స్టూడియోలో నవాబుది పోర్ట్రెయిట్ అవుతుంది, బయట కూలిది నమూనా అవుతుంది. రెండింటికీ వాడింది ఒకే కెమెరా.

దర్బారు గ్రూపు ఫోటో ఏదైనా తీసుకుని చూడండి. కుర్చీలో కూర్చున్నవాళ్లు ఒక వరస. వాళ్ల వెనక నిలబడ్డవాళ్లు ఒక వరస. ముందు నేల మీద కూర్చున్నవాళ్లు మరో వరస. అంచున, సగం నీడలో, పంకా లాగేవాళ్లు, గుర్రం పట్టినవాళ్లు. కుడి ఎడమల బరువు సరిపోయింది, చూపు తిన్నగా మధ్యకు పోయింది. కూర్పు చక్కగా కుదిరింది. అది కుదరడానికి కారణం, ఊళ్లో ఎవరెక్కడ నిలబడాలో చెప్పే కట్టుబాటే ఫ్రేములోకి వచ్చి కూర్చోవడం. దీన్‌దయాళ్ ఆ కట్టుబాటును కనిపెట్టలేదు. ఆయన దాన్ని అందంగా చూపించారు. అందంగా చూపించినప్పుడు అది సహజమైనదిగా కనిపిస్తుంది. అక్కడే మనం ఆగి చూడాలి.

1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాద్ రాజ్యానికి వేటకు వచ్చారు. వరంగల్ వైపు నెక్కొండ దగ్గర తీసిన ఫోటో ఇప్పటికీ చాలా చోట్ల కనిపిస్తుంది. కర్జన్, ఆయన భార్య, చచ్చిన పులి. తుపాకీ పట్టిన మనిషికీ పులికీ మధ్య ఇంకెవరూ లేనట్టే ఉంటుంది. కానీ పులి తనంతట తాను తుపాకీ ముందుకు రాదు. అడవి చుట్టూ డప్పులతో, కేకలతో దాన్ని తోలుకొచ్చే మనుషులు కావాలి. శిబిరానికి నీళ్లు, కట్టెలు, సామాన్లు మోసేవాళ్లు కావాలి. తెలంగాణ పల్లెల్లో డప్పు ఎవరి చేతిలో ఉండేదో, వెట్టి ఎవరి నెత్తిన ఉండేదో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఫ్రేము బయట వదిలేసింది కూడా ఫోటోలో భాగమే.

ఆకలిని ఎట్లా నిలబెట్టారు

దీన్‌దయాళ్ సంస్థ నిజాం ప్రభుత్వపు మంచి పనులను కూడా చిత్రీకరించింది. అందులో కరువు సహాయం ఒకటి. 1899–1900 కరువులో హైదరాబాద్ రాజ్యపు మరాఠ్వాడా జిల్లాలు అల్లాడిపోయాయి. కరువు ఎప్పుడొచ్చినా ముందుగా చేతిలో భూమి లేనివాళ్లు, గింజలు దాచుకోలేనివాళ్లు రాలిపోతారు. వాళ్లలో మనవాళ్లు ఎక్కువ.

రాజ్యం చేసిన సాయాన్ని చూపించడానికి తీసిన ఫోటోలో జనం వరసగా కూర్చుంటారు. దర్బారులో మనుషులు వరసగా ఉన్నట్టే ఇక్కడా వరసే. కానీ దర్బారు వరసలో ప్రతి ముఖానికీ పేరుంది, ఇక్కడ వరసకే పేరుంది. ఆకలి కథ చెబుతున్నట్టు కనిపించినా ఫోటోకు కేంద్రం దానం. అంతకు పాతికేళ్ల ముందు, 1876–78 మద్రాసు కరువులో డబ్ల్యు.డబ్ల్యు. హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఆ కరువు రాయలసీమను కూడా ఊడ్చేసింది. ఆ ఫోటోలు చూసినవాళ్లకు జాలి కలిగింది, తీసినవాడి మీద కోపమూ వచ్చింది. మరణానికి దగ్గరపడ్డ మనిషిని కెమెరా కోసం సర్దడం ఏం న్యాయమన్న ప్రశ్న ఆనాటి నుంచీ ఉంది. ఇవాళ దాడికి గురైన దళిత కుటుంబం దగ్గరికి సెల్‌ఫోన్లు పట్టుకుని పరిగెత్తే మనం కూడా ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఏడుస్తున్న తల్లి ముఖం ఒక్కటే ఫ్రేము నిండా ఉండాలా? ఆమె ఇల్లు, ఆమె పట్టా కాగితం, ఆమె వెనక నిలబడ్డ సంఘం కూడా ఉండాలా? అది కూర్పు నిర్ణయం, అదే రాజకీయ నిర్ణయం.

ఆయన పోయిన మరుసటి ఏడు

దీన్‌దయాళ్ 1905లో బొంబాయిలో చనిపోయారు. 1906లో హైదరాబాద్‌లో మాదరి భాగయ్య అనే 18 ఏళ్ల యువకుడు జగన్మిత్ర మండలి స్థాపించాడు. ఆయనే తర్వాత మనకు భాగ్యరెడ్డివర్మ అయ్యారు. హరికథలతో, సభలతో మాల మాదిగలను ఒకచోటికి చేర్చారు, పిల్లలకు బడులు పెట్టారు, జోగిని ఆచారం మీద పోరాడారు, మనం ఆది హిందువులమని ప్రకటించారు. దీన్‌దయాళ్ ఫోటోల అంచున పేరు లేకుండా నిలబడ్డవాళ్ల పిల్లలు పేరు పెట్టుకుని సభ మధ్యలోకి వచ్చిన చరిత్ర అది. ఒక నగరంలో ఒక తరం ముగిసి ఇంకొకటి మొదలైన తీరు ఈ రెండు సంవత్సరాల్లో కనిపిస్తుంది.

దీన్‌దయాళ్ గాజు పలకల్లో చాలా భాగం ఆయన వారసుల దగ్గర మిగిలింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 పలకలను సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు వేసింది. ఆయన ఫోటోలు భద్రంగా ఉన్నాయి. భాగ్యరెడ్డివర్మ నడిపిన సభల్లో జనం ఎట్లా కూర్చున్నారో చూపే అంతటి ఫోటో భాండారం మనకు లేదు. ఎవరి గతానికి గాజు పలకలు దొరికాయి, ఎవరి గతం జ్ఞాపకాల్లోనే మిగిలింది అన్నది కూడా కులం లెక్కే.

బొమ్మకు బొమ్మతో జవాబు

మరి ఈ ఫోటోలను ఏం చేయాలి? చింపేయాలా? అక్కర్లేదు. వాటి నుంచి నేర్చుకోవాలి, వాటికి జవాబు చెప్పాలి. ఈ పని చేసి చూపినవాళ్లున్నారు. అమెరికాలో గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి యువకుడు రైలు భోజనశాలలో వెయిటరుగా పని చేస్తూ, ఒక పత్రికలో వలస కూలీల ఫోటోలు చూశాడు. వాటిని మళ్లీ మళ్లీ చూశాడు. తాకట్టు దుకాణంలో పాత కెమెరా కొన్నాడు. 1942లో వాషింగ్టన్‌లో ప్రభుత్వ కార్యాలయం ఊడ్చే ఎల్లా వాట్సన్ అనే ఆమెను అమెరికా జెండా ముందు నిలబెట్టి ఫోటో తీశాడు. ఆమెకు ఒక పక్క చీపురు, ఇంకో పక్క తుడుపు కర్ర. తెల్ల రైతు కుటుంబాన్ని చూపే 1930 నాటి ప్రసిద్ధ పెయింటింగ్‌లోని నిలబడే తీరునే తీసుకుని, అందులో ఎవరు లేరో వాళ్లను తెచ్చి నిలబెట్టాడు. పాత కూర్పును పూర్తిగా నేర్చుకున్నవాడే అట్లా తిప్పికొట్టగలడు. మన దేశంలో సుధారక్ ఓల్వే ముంబై సఫాయి కార్మికుల జీవితాన్ని ఏళ్లతరబడి ఫోటోలు తీశారు. తమిళనాడులో పళని కుమార్ సఫాయి పనివాళ్ల ఫోటోలు తీయడంతో ఆగకుండా వాళ్ల పిల్లల చేతికే కెమెరా ఇచ్చి నేర్పుతున్నారు.

హైదరాబాద్ విద్యార్థులకు ఇది కష్టమైన పని కాదు. దీన్‌దయాళ్ ఫోటో ఒకటి ముందు పెట్టుకోండి. కింద రాసిన పేర్లు చేత్తో మూసేయండి. తలకిందులు చేసి వెలుగు ఎక్కడుందో, బరువు ఎక్కడుందో చూడండి. మళ్లీ తిన్నగా పెట్టి కెమెరా ఎవరి కంటి ఎత్తున ఉందో పోల్చండి. నాలుగు అంచుల వెంబడి వేలు పెట్టి నడవండి, అక్కడ ఎవరున్నారో లెక్కపెట్టండి. వాళ్ల చేతులు ఏం పని చేస్తున్నాయో రాసుకోండి. ఆ తర్వాత అదే వెలుగు, అదే నిలువు గీత, అదే మధ్య స్థానం తీసుకుని మీ ఫోటో తీయండి. మధ్యలో ఎవరుండాలో ఈసారి మీరు నిర్ణయించండి. వాళ్లను అడిగి తీయండి. వాళ్ల ఇష్టంతో వాళ్ల పేరు కింద రాయండి. ప్రింటు ఒకటి వాళ్లకు ఇవ్వండి.

హుస్సేన్‌సాగర్ పక్కన 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని అందరూ కింది నుంచి పైకి తీస్తున్నారు. ఎత్తు చూపాలంటే అక్కడ కూడా పాదాల దగ్గర ఒక మనిషి కావాలి. దీన్‌దయాళ్ కాలం నుంచి వస్తున్న పద్ధతే అది. అయితే తెల్లవారకముందే వచ్చి ఆ ఆవరణ ఊడ్చే మనిషి ఆ ఫోటోలో నిలబడితే, ఆమె ఒప్పుకుని, నవ్వో కోపమో తన ముఖంతో నేరుగా కెమెరాలోకి చూస్తే, ఫోటో కింద విగ్రహం పేరుతో పాటు ఆమె పేరూ ఉంటే, ఆమె ఇక కొలబద్ద కాదు.